ఇర్కుత్స్క్ అంటే బైకల్‌కి బస్టాండ్ అనుకునేవాళ్ళ కోసం

నల్లమల_నడక
యూట్యూబ్‌లో మనవాళ్ళ సైబీరియా వీడియోలు చూసి చూసి విసుగొచ్చింది, అందుకే ఈ పోస్టు. అన్నిటిదీ ఒకటే వరస. ఇర్కుత్స్క్‌లో విమానం దిగడం, వ్యాన్ ఎక్కడం, బైకల్ సరస్సు మంచు మీద వెల్లకిలా పడుకుని ఫోటో, ఫ్లాస్కులో వేడినీళ్ళు గాల్లోకి విసిరి ఒక అరుపు, మళ్ళీ విమానం. ఆరు లక్షల పైచిలుకు జనం ఉన్న ఊరు, 1661లో కోటగా మొదలైన ఊరు, దాని గురించి ఒక్క ముక్క ఉండదు.

నేను ఫిబ్రవరి చివర్లో వెళ్ళాను. బైకల్ చూశాను, బాగుంది, కాదనను. కానీ మనసుకు పట్టింది ఊరే. దిగిన మర్నాడు పొద్దున్నే హోటల్ నుంచి నది దాకా నడిచాను. మైనస్ 24. ముక్కులో వెంట్రుకలు గడ్డకట్టి గుచ్చుకుంటున్నాయి. తీరా చూస్తే అంగారా నది గడ్డకట్టలేదు! పారుతూనే ఉంది, పైగా నీళ్ళ మీంచి పొగలు పొగలుగా ఆవిరి లేస్తోంది. ఆ ఆవిరే గట్టు మీది చెట్లకు పట్టి కొమ్మకొమ్మా తెల్లగా పేరుకుపోయింది. అందులో బాతులు దర్జాగా ఈదుతున్నాయి. నేనేమో మంకీ టోపీ మీద ఇంకో టోపీ.

తర్వాత పాత చెక్క ఇళ్ళ వీధులు. ఒక ఇంటి ముందు చాలాసేపు నిలబడ్డాను. ఇల్లు ఒక పక్కకి దిగిపోయి కిటికీ గట్టు నా మోకాళ్ళ దగ్గరికి వచ్చేసింది. కిటికీ చుట్టూ చెక్కడం మాత్రం చెక్కు చెదరలేదు, పైన పువ్వులు, తీగలు, నీలం రంగు వేసిన తలుపులు. రెండు అద్దాల మధ్య జానెడు ఖాళీ, అందులో అడుగున దూది పరిచి ఉంది, తేమ పీల్చడానికట. లోపలి గట్టు మీద పూలకుండీ, దాని పక్కన పిల్లి. అది నన్ను చూసిన చూపు ఉంది చూశారూ, రోజూ ఇలాంటివాళ్ళని పదిమందిని చూస్తున్నట్టు.

ఇంకో తమాషా. కార్లలో చాలావాటికి స్టీరింగ్ మనలాగే కుడివైపు, బండి నడిపేదీ రోడ్డుకి కుడివైపే. అన్నీ జపాన్ నుంచి వచ్చిన సెకండ్ హ్యాండ్ బళ్ళు. టాక్సీవాడు ముందు లారీని దాటాలంటే పక్క సీట్లో కూర్చున్న నన్ను అడిగాడు, ఎదురుగా ఏమైనా వస్తోందా అని, సైగలతో! ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తల అడ్డంగా ఊపాను.

తిరిగొచ్చాక మా పెదనాన్న అన్న మాట: "డబ్బులిచ్చి మరీ సైబీరియా పోయొచ్చావా? పూర్వం ఊరికే పంపేవాళ్ళు కదరా."

ఊరు చూడటానికే అక్కడ ఆగినవాళ్ళు ఎవరైనా ఉన్నారా ఇక్కడ? లేక నాకొక్కడికేనా ఈ పిచ్చి?

పప్పుచారు77
పెదనాన్న గారికి ఒక ఐడీ క్రియేట్ చేయించండి, ఈ ఫోరమ్‌కి అలాంటివాళ్ళు కావాలి.

చలిచీమ
ఒప్పుకోను. ఇర్కుత్స్క్ బాగుంటుంది సరే, కానీ బైకల్‌తో పోటీ పెట్టడం అన్యాయం. 1642 మీటర్ల లోతు, ప్రపంచం మొత్తం మీద గడ్డకట్టని ఉపరితల మంచినీటిలో ఐదో వంతు అక్కడే ఉంది. మార్చిలో ఆ మంచు మీద నిలబడి కిందకి చూస్తే అద్దంలా కనిపిస్తుంది, లోపల పగుళ్ళు తెల్లటి గోడల్లా కిందకి దిగుతుంటాయి, అప్పుడప్పుడు దూరంగా ఫిరంగి పేలినట్టు ఒక చప్పుడు. పాత ఇళ్ళు ఎక్కడైనా ఉంటాయి, ఇది ఇంకెక్కడుంది? అసలు మీరు బైకల్‌లోని ఓల్ఖోన్ ద్వీపం వెళ్ళారా, లేక లిస్త్‌వ్యాంకా అనే ఊళ్ళో సరస్సు ఒడ్డున నిలబడి చేపలు తిని వచ్చేశారా? చాలామంది చేసేది అదే.

నల్లమల_నడక
@చలిచీమ వెళ్ళానండీ, ఓల్ఖోన్ కూడా. ఐదారు గంటలు బుఖాన్కా వ్యాన్‌లో. అది వ్యాన్ కాదు, రేకు డబ్బాకి నాలుగు చక్రాలు. మంచు మీదికి దిగేముందు డ్రైవర్ అందరిచేతా సీటు బెల్టులు తీయించాడు. నాకు ముందు అర్థం కాలేదు, అర్థమయ్యాక మాత్రం కిటికీలోంచి బయటికి చూడటం మానేశాను.

ఆ ద్వీపంలో షమాన్కా రాయి దగ్గర సూర్యాస్తమయం చూశాను, చాలా బాగుంది. కానీ అక్కడ అందరూ నాలాంటి టూరిస్టులే, చైనావాళ్ళు వందల్లో. డ్రోన్ల చప్పుడు. ఊళ్ళో ట్రామ్ ఎక్కితే మాత్రం ఆఫీసులకి పోయేవాళ్ళు, బడిపిల్లలు, కూరగాయల సంచీ పట్టుకున్న ముసలమ్మలు. నాకు అదే కావాలి.

తాటిబెల్లం
సీటు బెల్టు ఎందుకు తీయిస్తారు?

చలిచీమ
@తాటిబెల్లం మంచు పగిలి బండి మునిగితే వెంటనే దూకడానికి. తలుపులు కూడా లాక్ చేయకూడదు. అధికారికంగా తెరిచిన ఐస్ రోడ్డు మీద బరువుకి, బళ్ళ మధ్య దూరానికి లెక్కలుంటాయి, అక్కడ భయం తక్కువ. దొంగదారిన అడ్డంగా తీసుకెళ్ళే డ్రైవర్లతోనే ప్రమాదం. వందో రెండొందలో తగ్గిస్తామంటే కక్కుర్తి పడొద్దు.

తాటిబెల్లం
నేను వీడియోలే చూసుకుంటా.

రిటైర్డ్_రాడార్
నల్లమల గారి పోస్టు చదివి పాత రోజులు గుర్తొచ్చాయి. నేను వాయుసేనలో చేశాను. సుఖోయ్-30ల ఒప్పందం 1996 నవంబర్‌లో సంతకం అయింది ఇర్కుత్స్క్‌లోనే, ఆ విమానాల ఫ్యాక్టరీ ఆ ఊళ్ళోనే ఉంది. తర్వాతి సంవత్సరాల్లో మనవాళ్ళు ట్రైనింగులకనీ, ఇతర పనులకనీ బాగానే వెళ్ళొచ్చారు, నేనూ ఆ గుంపులో ఒకణ్ణి. అప్పుడు ఫోన్ లేదు, మ్యాప్ లేదు. బజార్లో ఇండియా అంటే రాజ్ కపూర్ పేరు చెప్పి చెయ్యి కలిపేవాళ్ళు. పప్పు, చింతపండు, కారం ఇక్కడినుంచే మోసుకెళ్ళేవాళ్ళం.

అంగారా ఎందుకు గడ్డకట్టలేదో చెప్తాను. ఊరికి ఎగువనే జలవిద్యుత్ కేంద్రం ఉంది, 1956లో మొదలైంది. డ్యామ్ వెనక రిజర్వాయర్ పైన మంచు కట్టినా, అడుగున నీళ్ళు సున్నా కంటే కాస్త ఎక్కువ వేడిలోనే ఉంటాయి. టర్బైన్ల గుండా బయటికొచ్చేది ఆ నీళ్ళే. పైగా వేగం ఎక్కువ. అందుకే ఊరు దాటి చాలా దూరం దాకా నది తెరిచే ఉంటుంది. బాతులకి ఇది ఎవరు చెప్పారో తెలీదు గానీ, ప్రతి చలికాలం అక్కడికే చేరతాయి. ఆ డ్యామ్ వల్ల బైకల్ నీటిమట్టం కూడా దాదాపు మీటరు పెరిగింది.

మంగళగిరి_మబ్బు
మైనస్ 24లో నీళ్ళు "వేడి". మా విజయవాడలో జనవరిలో 17 డిగ్రీలకే మా ఆవిడ రెండు దుప్పట్లు తీస్తుంది.

సింగరేణి_సిన్నోడు
ఆ ఇండ్లు కుంగిపోవుడు పర్మాఫ్రాస్ట్ వల్ల కదా? కింద శాశ్వతంగా గడ్డకట్టిన నేల ఉంటది, ఇంటి వేడికి కరిగి ఇల్లు దిగబడతది. ఎక్కడో చదివిన.

సివిల్_సుబ్బు
@సింగరేణి_సిన్నోడు అది యాకుత్స్క్ కథ తమ్ముడూ. అక్కడ బిల్డింగులన్నీ పైల్స్ మీద, కింద గాలి ఆడేలా ఖాళీ వదిలి కడతారు, ఆ వేడి నేలకి తగలకుండా. ఇర్కుత్స్క్ అంత ఉత్తరాన లేదు. అక్కడ నేల చలికాలంలో రెండు మీటర్లకు పైగా గడ్డకడుతుంది, ఎండాకాలం కరుగుతుంది. గడ్డకట్టినప్పుడు తేమ ఉన్న మట్టి పైకి ఉబ్బుతుంది, కరిగినప్పుడు దిగుతుంది, అదీ ఒక్కోచోట ఒక్కోలా. పునాది సరిగా లేని ఇల్లు వందేళ్ళు ఇలా ఎగుడుదిగుడు అయితే ఏమవుతుంది? ఆ ఇళ్ళకి చాలావాటికి పునాదే లేదు, లార్చ్ దుంగలు నేల మీద పెట్టి పైకి పేర్చుకుంటూ పోయారు. అడుగు దుంగలు పుచ్చిపోతాయి. దానికి తోడు మున్సిపాలిటీ రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోయింది, రోడ్డు పైకి లేచింది, ఇల్లు అక్కడే ఉండిపోయింది. మన ఊళ్ళల్లో సీసీ రోడ్డు పడ్డాక వాననీళ్ళు అరుగు మీదికి రావట్లేదూ, ఆ లెక్కే.

సింగరేణి_సిన్నోడు
రోడ్డు సంగతి ఒప్పుకుంటా గని, నేల ఉబ్బుడు కూడా మంచు వల్లనే కదా. పేరే తేడా.

సివిల్_సుబ్బు
పేరు తేడా కాదు, పునాది డిజైనే మారిపోతుంది. ఒకచోట మంచు కరగకుండా కాపాడాలి, ఇంకోచోట మంచు పట్టని లోతుకి పునాది దించాలి. ఈ రెండూ కలిపేస్తే కాంట్రాక్టర్ పండగ చేసుకుంటాడు.

కొలిమి_కబుర్లు
అందరూ చెక్కడాలూ నీలం కిటికీలూ అంటున్నారు, నేను మా ఆయన ప్రాజెక్టు పని మీద అక్కడ కొన్నాళ్ళు ఉన్నాను కాబట్టి రెండో వైపు చెప్తా. ఆ ఇళ్ళల్లో చాలావాటికి లోపల కుళాయి లేదు, మరుగుదొడ్డి పెరట్లో చెక్క గదిలో ఉంటుంది. మైనస్ 30లో అర్ధరాత్రి బయటికి పోవడం ఊహించుకోండి. వీధి చివర నీళ్ళ పంపు, చుట్టూ ఒలికిన నీళ్ళన్నీ గడ్డకట్టి గాజు గుట్టలా ఉంటుంది, దాని మీద ఒక పెద్దావిడ స్లెడ్జి బండి మీద అల్యూమినియం క్యాను పెట్టుకుని లాక్కెళ్ళడం రోజూ చూసేదాన్ని. పొయ్యిలోకి బొగ్గో కట్టెలో. చలికాలం పొగంతా కిందే నిలబడిపోయి గొంతు మండుతుంది. మనం ఫోటో తీసుకుని "ఎంత అందం" అంటాం, వాళ్ళు అపార్ట్‌మెంట్ ఎప్పుడిస్తారా అని ఎదురుచూస్తుంటారు.

బాగుచేసి పెట్టిన చెక్క ఇళ్ళు చూడాలంటే 130 క్వార్టర్ అని ఒకటి ఉంది, ఊరికి 350 ఏళ్ళు నిండిన 2011లో తయారుచేశారు. అన్నీ రెస్టారెంట్లూ కాఫీ షాపులే. ఇళ్ళు కొన్ని వేరేచోటి నుంచి తెచ్చినవి, కొన్ని కొత్తగా కట్టినవి. శుభ్రంగా ఉంటుంది గానీ అక్కడ కాపురం ఉండేవాళ్ళు ఎవరూ ఉండరు.

నల్లమల_నడక
@కొలిమి_కబుర్లు మీరన్నది నిజమే, ఆ పంపు దగ్గర గాజు గుట్ట నేనూ చూశాను. కానీ కూల్చేసి అపార్ట్‌మెంట్లు కట్టేయడమొక్కటే దారి అంటే బాధగా ఉంటుంది. ఇంట్లోకి పైపు వేయించి ఇల్లు నిలబెట్టకూడదా?

కొలిమి_కబుర్లు
ఖర్చు ఎవరు పెడతారు? ఒక్కో ఇంట్లో నాలుగైదు కుటుంబాలు, వారసత్వ కట్టడం అని బోర్డు ఉంటే మేకు కొట్టాలన్నా పర్మిషన్. రాత్రికి రాత్రి తగలబడిపోయే ఇళ్ళు కూడా ఉన్నాయి, ఎలా అంటుకుందో ఎవరికీ తెలీదు. ఖాళీ స్థలం మాత్రం మిగులుతుంది. హైదరాబాద్ వాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు అనుకుంటా.

పప్పుచారు77
అర్థమైంది మేడమ్, చాలా బాగా అర్థమైంది.

పాతపుస్తకాలు
నిప్పు అంటే గుర్తొచ్చింది, 1879లో ఊరి నడిబొడ్డు దాదాపు మొత్తం తగలబడింది. ఇప్పుడు కార్ల్ మార్క్స్ వీధిలో కనిపించే ఇటుక మేడలు ఎక్కువగా ఆ తర్వాతవే.

నా మటుకు నాకు ఇర్కుత్స్క్ పిచ్చి చిన్నప్పుడే పట్టింది. విశాలాంధ్రలో చవగ్గా దొరికే సోవియట్ పుస్తకాలు, ఇంటికి పోస్టులో వచ్చే 'సోవియట్ భూమి' పత్రిక, దాని నున్నటి కాగితాలతో పుస్తకాలకి అట్టలు. అక్కడికి వెళ్ళాక ముందు చూసింది డిసెంబ్రిస్టుల ఇళ్ళే. తెలియనివాళ్ళకి: 1825 డిసెంబర్‌లో జారు చక్రవర్తి మీద తిరగబడ్డ సైనికాధికారులు, ఎక్కువమంది గొప్పింటి బిడ్డలు. ఐదుగురిని ఉరి తీశారు, వందమందికి పైగా సైబీరియాకి. గనుల్లో శిక్ష అయ్యాక కొందర్ని ఇర్కుత్స్క్ చుట్టుపక్కల ఉండనిచ్చారు. వాల్కోన్‌స్కీ, త్రుబెత్‌స్కోయ్ కుటుంబాల ఇళ్ళు ఇప్పుడు మ్యూజియాలు. వాల్కోన్‌స్కీ భార్య మరియా ఇరవై ఏళ్ళు దాటీ దాటకుండానే మొగుడి వెంట బయల్దేరింది, చంటిబిడ్డని వదిలేసి, ఎందుకంటే బిడ్డని తీసుకెళ్ళనివ్వలేదు. సైబీరియాలో పుట్టే పిల్లలకి ప్రభువుల హక్కులుండవని సంతకం కూడా పెట్టించుకున్నారు. ఆ చంటివాడు రెండేళ్ళకే పోయాడు. మళ్ళీ తల్లి చూడలేదు.

ఆ ఇంట్లో ఒక పియానో ఉంది, నిలువుగా పిరమిడ్ ఆకారంలో. గైడ్ ఆవిడ వయసు డెబ్బైకి తక్కువ ఉండదు, ఆ పియానో గురించి చెప్తూ ఒక్కసారి కూడా దాన్ని ముట్టుకోలేదు, మేం ముట్టుకుంటామేమో అని మా చేతుల వంకే చూస్తోంది.

సింగరేణి_సిన్నోడు
దొరలు గనక ఇల్లు మ్యూజియం అయింది. మామూలు ఖైదీలు ఎంతమంది పోయిన్రో, వాళ్ళ ఇల్లేది? మన దగ్గర రంప తిరుగుబాటు మన్యం వాళ్ళని అండమాన్ పంపిన్రు, ఎందరి పేర్లు తెలుసు మనకు?

పాతపుస్తకాలు
@సింగరేణి_సిన్నోడు సరైన ప్రశ్న. ఎయిర్‌పోర్టుకి దగ్గర్లో పివోవారిఖా అనే చోట 1937-38 నాటి సామూహిక సమాధులు బయటపడ్డాయి, 1989లో స్మారకం కట్టారు. టూరిస్టు బస్సులు అటు పోవు. నేను టాక్సీ మాట్లాడుకుని వెళ్ళాను. చెట్లకి కట్టిన ఫోటోలు, పేర్లు. అక్కడ రైతులు, రైలు కార్మికులు, పంతుళ్ళు అందరూ ఉన్నారు.

ఇంకో పక్క జ్నామెన్‌స్కీ మఠం బయట కోల్చాక్ విగ్రహం ఉంది, 2004లో పెట్టారు. రష్యా అంతర్యుద్ధంలో బోల్షెవిక్‌ల ఎర్రసైన్యం మీద పోరాడిన తెల్లసైన్యం అధిపతి, 1920 ఫిబ్రవరి 7న అక్కడికి దగ్గర్లోనే కాల్చి చంపారు. ఊళ్ళో లెనిన్ విగ్రహం, నది ఒడ్డున జారు మూడో అలెగ్జాండర్ విగ్రహం, ఇక్కడ కోల్చాక్. మూడు విగ్రహాల్నీ ఒకే రోజు చూస్తే తల తిరుగుతుంది. ఊరివాళ్ళకి మాత్రం పట్టింపు లేదు, ముగ్గురి దగ్గరా పెళ్ళి ఫోటోలు దిగుతారు.

మోడరేటర్
లెనిన్, జారు వరకు ఓకే. అక్కడినుంచి మన రాజకీయాల్లోకి వస్తే దారం మూసేస్తా.

ఇనపరోడ్డు
ఇన్ని పోస్టుల్లో ఒక్కరూ రైలు మాట ఎత్తలేదు, సిగ్గుచేటు.

ట్రాన్స్ సైబీరియన్ లైను ఇర్కుత్స్క్ చేరింది 1898లో. మాస్కో నుంచి 5185 కిలోమీటర్లు, మూడు రోజుల పైనే. అసలు కథ అక్కడినుంచి ముందుకి. ఎదురుగా బైకల్, చుట్టూ కొండలు. లైను పూర్తయ్యేదాకా రైలు పెట్టెల్నే ఓడ ఎక్కించి అవతలి ఒడ్డుకి దాటించారు! ఆ ఓడలు ఇంగ్లండ్‌లో న్యూకాజిల్‌లో తయారై, ముక్కలుగా వచ్చి, సరస్సు ఒడ్డున బిగించినవి. అందులో 'అంగారా' అనే ఐస్‌బ్రేకర్ ఇప్పటికీ ఇర్కుత్స్క్‌లో రిజర్వాయర్ ఒడ్డున మ్యూజియంగా ఉంది. 1904లో జపాన్‌తో యుద్ధం, చలికాలం, ఓడ కదలదు. ఏం చేశారు? మంచు మీదే పట్టాలు పరిచి గుర్రాలతో పెట్టెలు లాగించారు. తర్వాత కొండ తొలిచి సరస్సు ఒడ్డు వెంబడి లైను వేశారు, 40 దాకా సొరంగాలు. 1950ల్లో డ్యామ్ కట్టాక ఆ పాత లైనులో ఇర్కుత్స్క్ వైపు ముక్క మునిగిపోయింది. మిగిలిన ముక్క మీద ఇప్పుడు స్ల్యుద్యాంకా నుంచి పోర్ట్ బైకల్ దాకా టూరిస్టు రైలు నడుస్తోంది. బైకల్ గొప్పా ఊరు గొప్పా అని కొట్టుకుంటున్నారు కదా, ఈ రైలెక్కితే రెండూ ఒకేసారి అయిపోతాయి.

మూడో తరగతి ప్లత్స్‌కార్త్ మన స్లీపర్ లాంటిదే, కాకపోతే శుభ్రమైన దుప్పటి, దిండు గలీబు సీలు వేసిన ప్యాకెట్‌లో ఇస్తారు. పెట్టె చివర వేడినీళ్ళ బాయిలర్ ఇరవైనాలుగు గంటలూ. పెట్టెకి బాధ్యురాలు ప్రవద్నీత్సా, ఆవిడ మాటే శాసనం. నేను స్టేషన్‌లో దిగి ఇంజన్ ఫోటో తీస్తుంటే చెవి పట్టుకున్నంత పని చేసి ఎక్కించింది.

మంగళగిరి_మబ్బు
@ఇనపరోడ్డు టికెట్ మీద మాస్కో టైమ్ ఉంటుందట కదా, మా కొలీగ్ చెప్పాడు. ఐదు గంటలు తేడా వచ్చి రైలు పోతే?

ఇనపరోడ్డు
2018 ఆగస్టు దాకా అంతే. ఇప్పుడు లోకల్ టైమే వేస్తున్నారు. ఇర్కుత్స్క్ మనకంటే రెండున్నర గంటలు ముందు. మీ కొలీగ్‌ని అప్‌డేట్ చేసుకోమనండి.

వెజ్_వనజ
అన్నీ బాగున్నాయి. నాలాంటివాళ్ళు ఏం తిని బతకాలి? గుడ్డు కూడా తినను. మావారు మార్చిలో వెళ్దామంటున్నారు, నాకు ఇప్పటినుంచే టెన్షన్.

పప్పుచారు77
పులిహోర పొడి, కందిపొడి, ఎలక్ట్రిక్ కుక్కర్. ఇంకేం అడక్కండి.

క్రాస్నో_డాక్టర్
@వెజ్_వనజ ఆంటీ, నేను క్రాస్నోయార్స్క్‌లో మెడిసిన్ చదువుతున్నా, ఇర్కుత్స్క్ మాకు పక్క ఊరి కింద లెక్క (రైల్లో ఒక రాత్రి పైనే, ఇక్కడ అది పక్కే). మార్చి అంటే మీకు అదృష్టం. ఈస్టర్‌కి ముందు ఏడు వారాలు వాళ్ళకి ఉపవాస కాలం, మాంసం, పాలు, గుడ్లు ఏవీ ఉండవు. ఆ రోజుల్లో చాలా క్యాంటీన్లలో, హోటళ్ళలో "పోస్త్నయే మెన్యూ" అని విడిగా పెడతారు, ఆ ముక్క ఒక్కటి నేర్చుకోండి చాలు. చేప ఒక్కోసారి ఉంటుంది, అడగండి. మిగతా రోజుల్లో అయితే స్తలోవయా అనే క్యాంటీన్లకి వెళ్ళండి, ట్రే పట్టుకుని కంటితో చూసి ఎంచుకోవచ్చు. గ్రేచ్కా (ఉడికించిన బక్‌వీట్ గింజలు), ఉడికించిన బంగాళదుంప, క్యాబేజీ పిరష్కీ (లోపల కూర పెట్టిన బన్నులు), బీట్‌రూట్ సలాడ్. సూప్‌ల జోలికి పోవద్దు, బోర్ష్ ఎర్రగా ఉంది కదా బీట్‌రూటే అనుకుంటారు, అది కాచేది మాంసం నీళ్ళలో.

సూపర్ మార్కెట్లో షావెల్ అని పుల్లటి ఆకు సీసాల్లో దొరుకుతుంది. పప్పులో వేసుకుంటే కళ్ళు మూసుకుని గోంగూర పప్పు అనుకోవచ్చు. మా హాస్టల్ మొత్తం దాని మీదే బతుకుతోంది.

వెజ్_వనజ
బంగారుతల్లివి (తండ్రివా?). షావెల్ రాసుకున్నా.

క్రాస్నో_డాక్టర్
తల్లినే ఆంటీ.

బట్టల గురించి కూడా అడుగుతారని తెలుసు కాబట్టి: ఇండియాలో బ్రాండెడ్ జాకెట్ల మీద వేలకి వేలు పోయకండి. థర్మల్స్ తెచ్చుకోండి, బూట్లు మాత్రం ఇక్కడికొచ్చాకే కొనండి. మన దగ్గర అమ్మే "స్నో బూట్ల" అడుగు మైనస్ 20లో బిగుసుకుపోయి జారుతుంది. సైజు ఒకటి పెద్దది తీసుకోండి, లోపల ఉన్ని సాక్సు, బిగుతుగా ఉంటే కాలు ఇంకా చల్లబడుతుంది. ఫోన్ లోపలి జేబులో, ఒంటికి ఆనించి. బయట తీస్తే నలభై శాతం చూపిస్తూనే టప్పున ఆగిపోతుంది. చలిలోంచి గదిలోకి రాగానే కెమెరా బ్యాగులోంచి తీయకండి, లోపలంతా చెమ్మ పడుతుంది.

గదుల్లో మాత్రం ఉక్కపోత. హీటింగ్ ఊరంతటికీ కలిపి ఒకచోటి నుంచి వస్తుంది, మన చేతిలో తగ్గించే మీట ఉండదు చాలాచోట్ల. బయట మైనస్ 25, లోపల ప్లస్ 25, మేం బనియన్లతో కూర్చుని కిటికీలో చిన్న తలుపు తెరుచుకుంటాం. మా అమ్మ వీడియో కాల్‌లో చూసి "స్వెటరేదే" అని ఏడుపు.

భయంభయం
మంచి దారాన్ని పాడు చేస్తున్నా అనుకోవద్దు. ఇప్పుడు రష్యా వెళ్ళడం తెలివైన పనేనా? ఉద్యోగాలని చెప్పి తీసుకెళ్ళి మనవాళ్ళని సైన్యంలో చేర్చిన సంగతి మర్చిపోయామా, 2024లో హైదరాబాద్ కుర్రాడొకడు అక్కడే చనిపోయాడు. పోయినవాళ్ళు తెలివితక్కువవాళ్ళేం కాదు.

రిటైర్డ్_రాడార్
@భయంభయం అడగాల్సిందే. టూరిస్టుగా రిటర్న్ టికెట్, హోటల్ బుకింగ్‌తో వెళ్ళేవాడిదీ, ఏజెంటు చేతిలో పాస్‌పోర్టు పెట్టి రష్యన్‌లో ఉన్న కాగితం మీద సంతకం చేసేవాడిదీ ఒకే కథ కాదు. చదవలేని కాగితం మీద సంతకం చేయకూడదు, అంతే. అలాగని సైబీరియా యుద్ధానికి మరీ దూరం అని కూడా అనుకోవద్దు. 2025 జూన్ 1న ఇర్కుత్స్క్ ప్రాంతంలోనే బెలయా వైమానిక స్థావరం మీద డ్రోన్ల దాడి జరిగింది. విమానాశ్రయాలు, వంతెనలు, రైల్వే యార్డులు, యూనిఫాంలో ఉన్నవాళ్ళు, వీటి ఫోటోలు తీయకండి. ఇనపరోడ్డు గారూ, ఆ ప్రవద్నీత్సా మీ మేలు కోరే చెవి పట్టుకుంది.

ఇనపరోడ్డు
ఇంజన్ ఫోటో కూడా తీసుకోనివ్వకపోతే బతికి ఏం లాభం సార్.

కృష్ణాతీరం
అక్కడి స్థానిక జాతి బుర్యాత్‌ల సంగతి ఎవరూ చెప్పలేదేంటి? బైకల్ చుట్టూ అసలు వాళ్ళదే కదా. నేను ఇర్కుత్స్క్ నుంచి ఉలాన్ ఉడే దాకా వెళ్ళాను, అక్కడ ఇవోల్గిన్‌స్క్ దత్సాన్ అని బౌద్ధ మఠం. అక్కడి లామా ఒకాయన ఎక్కడినుంచి అని అడిగితే గుంటూరు అన్నాను, తెలీలేదు. హైదరాబాద్ అన్నాను, ఊహూ. అమరావతి దగ్గర, ధాన్యకటకం అన్నాను. మనిషి లేచి నిలబడ్డాడు! బుద్ధుడు కాలచక్ర తంత్రం బోధించింది ధాన్యకటకంలో అని వాళ్ళ సంప్రదాయం. నాకు రెండోసారి టీ పోశాడు, పాలూ ఉప్పూ వేసిన టీ. రెండోసారి అవసరం లేకపోయింది గానీ తాగేశాను.

ఇర్కుత్స్క్‌లోనే పోజీ అమ్మే బుర్యాత్ హోటళ్ళు వీధికొకటి ఉంటాయి. ఆవిరి మీద ఉడికిన మాంసం బూరెలు, ఫోర్కుతో పొడిస్తే లోపలి రసమంతా కంచంలో పోతుంది. చేత్తో పట్టుకుని అంచు కొరికి ముందు రసం పీల్చి, తర్వాత మిగతాది. చేత్తో తినడం వచ్చిన మనకి ఇదో లెక్కా, పక్క టేబుల్ మాస్కోవాళ్ళు ఫోర్కులతో అవస్థ పడుతుంటే భలే గర్వంగా అనిపించింది.

మంగళగిరి_మబ్బు
మా మంగళగిరి కూడా ఆ పక్కనే అని చెప్పాల్సింది, ఇంకో కప్పు పోసేవాడు.

చలిచీమ
తిండి గురించి ఇంకొకటి. లిస్త్‌వ్యాంకాలో ఓముల్ చేప పొగబెట్టింది అమ్ముతారు, రుచి అద్భుతం. కానీ 2017లో బైకల్‌లో ఓముల్ వాణిజ్య వేట మీద నిషేధం పెట్టారు. అందుకే అడక్కుండా కొనకండి, పెంచిందా పట్టిందా అని ఒక మాట అడగండి. ఏదో ఒకటి చెప్తారు అనుకోండి.

తాటిబెల్లం
వీడియోలే చూసుకుంటా అన్నాను కానీ ఇదంతా చదివాక మనసు లాగుతోంది. వీసా, డబ్బు సంగతి ఎవరైనా సూటిగా చెప్పండి. కార్డులు పనిచేస్తాయా?

నల్లమల_నడక
@తాటిబెల్లం పనిచేయవు. మన వీసా, మాస్టర్ కార్డులు 2022 మార్చి నుంచి అక్కడ అట్టముక్కలే. డాలర్లో యూరోలో నోట్ల రూపంలో తీసుకెళ్ళి బ్యాంకులో మార్చుకోవాలి. నోటు మీద చిన్న గీత ఉన్నా, మడత చిరిగినా తీసుకోరు, నా దగ్గర ఒక వంద డాలర్ల నోటుని ఆ కౌంటర్ అమ్మాయి దీపం కింద పెట్టి అటూ ఇటూ తిప్పి వెనక్కి నెట్టేసింది. కాబట్టి ఇక్కడ తీసుకునేటప్పుడే కొత్త నోట్లు అడగండి. రూపాయలు మోసుకెళ్ళొద్దు, అక్కడ ఎవరూ మార్చరు.

వీసా ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది, 2023 ఆగస్టు నుంచి మనకి ఈ-వీసా ఉంది. దిగేటప్పుడు ఇచ్చే మైగ్రేషన్ కాగితం పారేయకండి, హోటల్ వాళ్ళు దాన్ని చూసి రిజిస్ట్రేషన్ చేస్తారు. సిమ్ దొరకడం కష్టం, 2025 నుంచి విదేశీయులకి బయోమెట్రిక్ అంటున్నారు. టూజీఐఎస్ మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, నెట్ లేకపోయినా ఏ ఇంటికి ఏ వైపు గుమ్మం ఉందో కూడా చూపిస్తుంది. మాస్కో మీదుగా వెళ్తే మళ్ళీ వెనక్కి తూర్పుకి ఐదారు గంటలు ఎగరాలి, ఆ ఒక్కటే చికాకు.

తాటిబెల్లం
మార్చి చివరి వారం అయితే? పిల్లల పరీక్షలు అప్పటికి గానీ అవ్వవు.

చలిచీమ
మంచు ఇంకా ఉంటుంది, కానీ ఓల్ఖోన్ ఐస్ రోడ్డు ఎప్పుడు మూసేస్తారో వాతావరణాన్ని బట్టి ఉంటుంది. మూసేస్తే హోవర్‌క్రాఫ్ట్ ఒక్కటే గతి, దానికి క్యూ. మొదటి వారం కుదిరితే అదే మేలు.

కొలిమి_కబుర్లు
మార్చి చివరికి ఊళ్ళో మంచు పగలు కరిగి రాత్రి గడ్డకడుతుంది. పేవ్‌మెంట్ల మీద జారి పడేది అప్పుడే. ఇళ్ళ చూరుల నుంచి ఈటెల్లాంటి మంచు ముక్కలు కిందపడతాయి, ఎర్ర రిబ్బను కట్టి ఉన్న వైపు నడవకండి.

తాటిబెల్లం
పరీక్షలు రాయకుండా తీసుకొచ్చేస్తే ఎలా ఉంటుంది అని మా ఆవిడని అడిగాను. సమాధానం ఇక్కడ రాయలేను.

పప్పుచారు77
మీ ఆవిడ, నల్లమల గారి పెదనాన్న, ఇద్దరికీ ఐడీలు కావాలి. మోడరేటర్ గారు దయచేసి చూడండి.